లైబ్రరీలో పుస్తకాలు మాయం, పేజీలు మాయం: కెమెరాలు కొనే ముందు చూడాల్సినవి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: యూనివర్సిటీ లైబ్రరీలో చేరి ఏడాది కూడా కాలేదు, మొదటి స్టాక్ వెరిఫికేషన్‌లోనే (రిజిస్టర్‌తో పుస్తకాలు సరిచూసుకోవడం) 600 పైచిలుకు పుస్తకాలు లెక్కకు రాలేదు, బైండు చేసిన జర్నళ్లలో పేజీలు కోసేసి ఉన్నాయి, పైవాళ్లేమో కెమెరాలు పెంచి గేటు దగ్గర గట్టి మనిషిని నిలబెడితే చాలంటున్నారు, నిజంగా చాలునా అని.

చాలదు. కెమెరాలు వద్దనడం లేదు, ఉంటే ఉండనీయండి. కానీ ర్యాక్‌లో కనబడని పుస్తకం వేరు, ఎవడో ఎత్తుకెళ్లిన పుస్తకం వేరు, ర్యాక్‌లోనే బుద్ధిగా నిలబడి లోపల పేజీలు లేని పుస్తకం వేరు. మీవాళ్లు ఈ జబ్బులన్నిటికీ ఒకే మాత్ర వేద్దామంటున్నారు. నా 28 ఏళ్ల సర్వీసులో నన్ను బాగా ఏడిపించింది ఆ చివరిదే, ఎందుకంటే అది ఏ వెరిఫికేషన్‌లోనూ బయటపడదు. యాక్సెషన్ నంబరు (రిజిస్టర్లో ఒక్కో పుస్తకానికి ఇచ్చే వరస నంబరు) ఉంది, టిక్ పెట్టాం, పక్క పుస్తకానికి వెళ్లాం, అంతే.

ముందు ఆ 600 సంగతి చూద్దాం. లెక్కకు రాలేదు కదా అని వెంటనే 'చోరీ' అని రాసేయకండి. నేను మొదటిసారి వెరిఫికేషన్ బాధ్యత తీసుకున్నప్పుడు రిపోర్టులో ఆ మాటే రాసి సంతకం పెట్టాను, తర్వాత రెండు నెలల్లో వాటిలో దాదాపు మూడో వంతు ఒక్కొక్కటే తిరిగొచ్చి నా పరువు తీశాయి. కొన్ని బైండింగ్‌కు వెళ్లాయి, ఆ చీటీ ఎవరూ ఫైల్లో పెట్టలేదు. కొన్ని ప్రొఫెసర్ల గదుల్లో దొరికాయి, ఒకాయనైతే 'ఇవి లైబ్రరీవా, నావేననుకున్నానే' అని నిజంగానే ఆశ్చర్యపోయారు. చాలా వాటి కథ ఇంకా మామూలుది: సబ్జెక్టు నంబర్ల ప్రకారం 530లో ఉండాల్సిన ఫిజిక్స్ పుస్తకం 350లో పరిపాలన పుస్తకాల మధ్య కూర్చుంది, ఎవరో అంకెలు తిరగేసి చదివారు. తప్పు చోట పెట్టిన పుస్తకం దొరికేదాకా పోయిన పుస్తకం కిందే లెక్క, అందుకే రోజుకు కొన్ని అరల చొప్పున నంబర్ల వరస సరిచూసుకునే షెల్ఫ్ రీడింగ్ ఉంటుంది. విసుగు పుట్టించే పని, ఎవరూ మెచ్చుకోరు, మనుషులు తక్కువైనప్పుడు మొట్టమొదట ఆపేసేది దాన్నే.

ఈ తికమక పెద్ద పెద్ద లైబ్రరీలకూ తప్పలేదు. కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ లైబ్రరీలో డార్విన్ చేతిరాత నోటుపుస్తకాలు రెండు ఉండేవి, ఒకదాంట్లో ఆయన 1837లో గీసిన 'జీవవృక్షం' బొమ్మ ఉంది. 2000లో ఫొటోలు తీయడానికని స్ట్రాంగ్ రూమ్ నుంచి బయటికి తెచ్చారు, 2001 జనవరిలో మామూలు తనిఖీలో చూస్తే లేవు. ఎక్కడో తప్పు చోట పెట్టి ఉంటారులే అనుకుని ఏళ్ల తరబడి వెతికారు, అక్కడున్నవి కోటి వస్తువులు మరి. దొంగతనం అయ్యుండొచ్చని పోలీసులకు చెప్పి బహిరంగంగా ప్రకటించింది 2020లో. 2022 మార్చిలో ఎవరో గులాబీ రంగు గిఫ్ట్ సంచిలో పెట్టి, లైబ్రేరియన్‌కు ఈస్టర్ శుభాకాంక్షలు చెబుతూ ఒక కవరు జతచేసి, ఆవిడ ఆఫీసు బయట నేలమీద వదిలి వెళ్లారు. ఆ చోటికి కెమెరా లేదు. (తెచ్చినవాళ్లకు ఆ సంగతి తెలుసో, అలా కలిసొచ్చిందో!) కాబట్టి తొందరపడి దొంగతనం అనేయడం ఎంత తప్పో, ఎక్కడో ఉంటుందిలే అని ఏళ్లు గడిపేయడమూ అంతే తప్పు. నేను పాటించే లెక్క చెబుతాను: మామూలు టెక్స్ట్‌బుక్ అయితే రెండు విడతలు వెతకాలి, మధ్యలో ఒక పరీక్షల సీజన్ గడవాలి. అరుదైనదైతే ఒక్క వారం, ఆ తర్వాత పోలీసు కంప్లయింటు, పాత పుస్తకాల వ్యాపారులకు వివరాలు, అంతా అదే వారంలో. వ్యాపారి చేతికి అందేలోపు కబురు చేరితేనే ఉపయోగం.

దాచిపెట్టేవాళ్లు ఇంకో రకం. ఒకసారి పరీక్షలకు పది రోజుల ముందు, కింది అరలో ఎవరూ ముట్టని పాత గణాంక నివేదికల వాల్యూములు దులుపుతుంటే, వాటి వెనక గోడకు ఆనించి పడుకోబెట్టిన పుస్తకాలు 11 దొరికాయి. అన్నీ ఒకే పేపరుకు పనికొచ్చేవి. కావలసిన చాప్టర్ల దగ్గర ఒకే కొలతకు కత్తిరించిన కాగితం ముక్కలు గుర్తుగా పెట్టి ఉన్నాయి. ఇష్యూ చేసుకుంటే వారంలో తిరిగివ్వాలి, ఇక్కడే దాచుకుంటే పరీక్షల దాకా తనవే. దొంగ అనలేం, క్రమశిక్షణ గల విద్యార్థి అనే అనాలి! ఆ పుస్తకాలు తీసేసి, అదే చోట 'ఇవి ఇకమీదట కౌంటర్ దగ్గర ఉంటాయి, ఎవరికైనా రెండేసి గంటలు ఇస్తాం' అని ఒక చీటీ పెట్టాను. నాలుగో రోజుకి చీటీ లేదు. అయిదో రోజు నుంచి కౌంటర్ దగ్గర ఆ పుస్తకాలకు క్యూ మొదలైంది.

ఇక అసలు దొంగలు. ఉన్నారు, లేరనడం లేదు, కానీ మీ 600లో వాళ్ల వాటా ఎంతో తెలియాలంటే పోయినవి ఏ పుస్తకాలో చూడాలి. అమెరికాలో స్టీఫెన్ బ్లంబర్గ్ అనే మనిషి 1990లో పట్టుబడేసరికి అతని ఇంట్లో 23,600 దాకా పుస్తకాలున్నాయి, 268 లైబ్రరీల నుంచి తెచ్చినవి. అమ్ముకోవడానికి కాదు, మోజు కొద్దీ కూడబెట్టుకున్నాడు. ఒక ప్రొఫెసర్ గుర్తింపు కార్డు కాజేసి దాంతో దర్జాగా లోపలికి వెళ్లేవాడు. డబ్బు కోసం చేసే రకానికి ఈమధ్యది చూడండి. 2022 నుంచి యూరప్ లైబ్రరీల్లో పుష్కిన్ లాంటి రష్యన్ రచయితల తొలి ముద్రణలు పోయాయి. ఎస్టోనియాలో టార్టు యూనివర్సిటీ, లిథువేనియాలో విల్నియస్ యూనివర్సిటీ, పోలండ్‌లో వార్సా యూనివర్సిటీ, ఈ మూడూ విద్యాలయాల లైబ్రరీలే. పరిశోధకుల్లాగా వచ్చి పుస్తకం అడిగి తెప్పించుకోవడం, అసలుది జేబులో వేసుకుని అచ్చం దానిలాగే ఉన్న నకలు తిరిగివ్వడం, ఇదీ పద్ధతి. 2024 ఏప్రిల్‌లో యూరప్ దేశాల ఉమ్మడి పోలీసు సంస్థ యూరోపోల్ తొమ్మిది మందిని అరెస్టు చేసినట్టు ప్రకటించే నాటికి కనీసం 170 పుస్తకాలు పోయాయని లెక్క తేలింది. గమనించారా, వీళ్లెవరూ గేటు దగ్గర మనిషిని తోసుకుని పారిపోలేదు. కార్డు చూపించారు, సంతకం పెట్టారు, థాంక్స్ చెప్పి వెళ్లారు. తిరిగిచ్చినప్పుడు కౌంటర్లో మనిషి పుస్తకం తెరిచి, స్టాంపు, కాగితం రంగు, బరువు ఒక్క నిమిషం చూసి ఉంటే సగం చోట్ల అక్కడికక్కడే దొరికిపోయేవారని నా నమ్మకం.

లోపలివాళ్ల గురించి కూడా చెప్పాలి, మీవాళ్లకు ఈ మాట నచ్చదు. పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ లైబ్రరీలో 2017లో బీమా కోసం అరుదైన పుస్తకాలకు విలువ కట్టించబోతే 300కి పైగా వస్తువులు లేవని తేలింది. ఇరవై ఏళ్లకు పైగా తీసుకెళ్లి ఒక పుస్తక వ్యాపారికి చేరవేసింది ఆ గదికి బాధ్యుడైన ఉద్యోగే. అది యూనివర్సిటీ కాదు, పబ్లిక్ లైబ్రరీ, కానీ తాళంచెవి కథ ఎక్కడైనా ఒకటే. అరుదైన పుస్తకాల గదికి ఒక్కరి దగ్గరే తాళంచెవి ఉండి, ఆ గది లెక్క కూడా ఆ ఒక్కరే చూస్తుంటే, అతను ఎంత మంచివాడైనా ఆ ఏర్పాటు మంచిది కాదు. లెక్క చూసేది వేరే సెక్షన్ మనిషి అయ్యుండాలి. నన్ను అనుమానిస్తున్నారా అని ఎవరైనా నొచ్చుకుంటే, రేపు ఏదైనా పోతే మీమీద మాట రాకుండా ఉండటానికే అని చెప్పండి. అది నిజం కూడా.

ఇప్పుడు పేజీలు. పేజీలు పోయే లైబ్రరీలో కెమెరా ఎందుకు పనిచేయదో మీవాళ్లకు ఒక్క ముక్కలో చెప్పొచ్చు: పేజీ కోసిన రోజు ఎవరికీ తెలియదు. ఆ పేజీ అవసరమైన ఇంకో మనిషి ఆ వాల్యూము తెరిచిన రోజే తెలుస్తుంది, అది ఆరు నెలలకో ఆరేళ్లకో. రికార్డింగులేమో కొన్ని వారాలకు చెరిగిపోయి వాటిమీద కొత్తవి ఎక్కుతాయి. పైకప్పుకున్న కెమెరాకు తెరిచిన పుస్తకం మీదికి వంగిన తల కనబడుతుంది, ఆ తల కింద బ్లేడు కనబడదు. కొందరు బ్లేడు కూడా వాడరు, తడి దారం పేజీల మధ్య కుట్టు వెంట పెట్టి పుస్తకం మూసి కాసేపు కూర్చుంటారు, కాగితం నానాక చప్పుడు లేకుండా వచ్చేస్తుంది. మా ముందు తరంవాళ్లకు ఇది బాగా తెలిసిన ఎత్తు. ఇష్యూ కాని పుస్తకం దాటితే మోగే గేటు కూడా మోగదు, ఎందుకంటే అది పసిగట్టే అయస్కాంతపు పట్టీ కుట్టు దగ్గరో వెన్నులోనో ఉంటుంది, ఆర్‌ఎఫ్‌ఐడి ట్యాగ్ (రేడియో తరంగాలతో పుస్తకాన్ని గుర్తుపట్టే చిప్పు) అట్ట లోపల ఉంటుంది, కోసిన నాలుగు పేజీల్లో ఏదీ ఉండదు.

మరి ఎవరు పట్టుకుంటారు? మనిషి కన్నే. 2005 జూన్‌లో యేల్ యూనివర్సిటీ వారి బైనెకీ లైబ్రరీలో ఒక ఉద్యోగినికి నేలమీద చిన్న బ్లేడు కనబడింది. అక్కడ పాత మ్యాపులు చూస్తూ కూర్చున్నది ఫోర్బ్స్ స్మైలీ, పేరున్న మ్యాపుల వ్యాపారి, అందరికీ తెలిసిన మనిషి. ఆవిడ ఆ బ్లేడును చెత్తబుట్టలో వేసి ఊరుకోలేదు, వెంటనే పైవాళ్లకు చెప్పింది. చివరికి అతను వేర్వేరు లైబ్రరీల నుంచి 97 మ్యాపులు కాజేశానని ఒప్పుకున్నాడు.

మా రిటర్న్ కౌంటర్లో ఒకావిడ ఉండేవారు, నాకంటే చాలా సీనియర్. పుస్తకం చేతికి రాగానే ఎడమచేత్తో వెన్ను పట్టుకుని కుడి బొటనవేలితో అంచు వెంట జలజలా ఒక్కసారి వదిలేవారు, రెండు మూడు సెకన్లు, అంతే. పేజీలు పోయిన చోట ఆ జారుడు చిన్నగా తడబడుతుంది, పుస్తకం అక్కడే తెరుచుకుంటుంది. ఆవిడ చేతులు అక్కడ ఆగేవి, ఏమీ అనకుండా పుస్తకం తిప్పి ఎదుటివాళ్ల వైపు పెట్టేవారు. ఆ నిశ్శబ్దం దెబ్బకి ఒప్పుకున్నవాళ్లే ఎక్కువ. నేను నేర్చుకోవడానికి కొన్ని వారాలు పట్టింది. మీ కౌంటర్లో ఉన్నవాళ్లందరికీ ఇది నేర్పించండి, దీనికి టెండరు అక్కర్లేదు.

ఇంకో సంగతి, పేజీలు తీసుకెళ్లేవాళ్లకు తెలియనిది. కుట్టు బైండింగ్‌లో కాగితాన్ని మధ్యకు మడిచి కుడతారు, అంటే ప్రతి కాగితానికీ అదే కట్టలో అవతలివైపు ఒక జోడీ ఉంటుంది. ఇటుదాన్ని మొదలంటా లాగేస్తే అటుది పట్టు తప్పి కొన్నాళ్లకు దానంతటదే ఊడిపడుతుంది. ఒకడు రెండు కాగితాలు పట్టుకెళ్తే మనకు పోయేవి నాలుగు. జర్నల్ వాల్యూము అయితే ఇంకా కష్టం, ఆ సంచిక మళ్లీ అచ్చవదు, వేరే లైబ్రరీని బతిమాలి ఆ పేజీల కాపీ తెప్పించి, ఆమ్లం లేని కాగితం మీద తీయించి, అంచుకు సన్నగా జిగురు రాసి లోపల అతికించాలి.

నా అభిప్రాయం మారిపోయిన రోజు ఒకటుంది. ఒక కుర్రాడు రిఫరెన్స్ హాల్లో పేజీలు కోస్తూ దొరికాడు, కంపాస్ బాక్స్‌లో సగానికి విరిచిన బ్లేడు, ఫైల్లో ఆరు పేజీలు. నేను గట్టిగానే అరిచాను. వాడు తల వంచుకుని 'జిరాక్స్ మిషన్ పనిచేయట్లేదు సార్, రిఫరెన్స్ బుక్ బయటికివ్వరు, రేపే సబ్మిషన్' అన్నాడు. సాకు చెబుతున్నాడనుకుని లాగ్‌బుక్ తెప్పించాను. మిషన్ పాడై అప్పటికి తొమ్మిది రోజులు, కంప్లయింటు కాగితం నా టేబుల్ మీదే ఉంది, నేనే సంతకం పెట్టలేదు. ఫైన్ వేశాను, వేయాల్సిందే, కానీ ఆ ఫైల్లో నా పేరు కూడా ఉండాలని ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ తర్వాత పేజీలు పోయిన ప్రతి వాల్యూము తీసి తేదీలు, సబ్జెక్టులు చూడటం మొదలుపెట్టాను. నా అనుభవంలో ఎప్పుడూ అదే వరస: కాపీలు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ, గడువు దగ్గర, కాపీ తీసుకునే దారి మూసుకుపోయి ఉంది. విద్యార్థులు మంచివాళ్లనో చెడ్డవాళ్లనో నేను అనను. అడిగిన పేజీ పది నిమిషాల్లో స్కాన్ చేసి మెయిల్‌కు పంపే ఏర్పాటున్న చోట బ్లేడు బయటికి తీసేవాళ్లు అరుదు, అది మాత్రం కళ్లారా చూశాను. ఒక పుస్తకంలో ఒక చాప్టరో, ఒక సంచికలో ఒక వ్యాసమో సొంత చదువుకోసం కాపీ ఇవ్వడానికి సాధారణంగా కాపీరైట్ అడ్డురాదు, అయినా మీ దగ్గర నిబంధన ఏమిటో ఒకసారి చూసుకోండి.

గేటు గురించి అడిగారు కాబట్టి రెండు మాటలు. అయస్కాంతపు పట్టీ ఉన్న పుస్తకాన్ని ఇష్యూ చేసేటప్పుడు నిద్రపుచ్చుతారు, తిరిగొచ్చినప్పుడు మళ్లీ మేల్కొలపాలి. రద్దీలో ఆ రెండోది మర్చిపోతే ఆ పుస్తకం తర్వాత ఎవరి సంచిలో వెళ్లినా గేటు నోరెత్తదు. వారానికోసారి ర్యాక్‌ల నుంచి చేతికందిన 50 పుస్తకాలు తీసి గేటు దాటించి చూడండి, ఎన్ని మోగవో లెక్క రాసుకోండి, కొత్త గేటు కొనాలా వద్దా అనేది ఆ లెక్కే చెబుతుంది. ఆర్‌ఎఫ్‌ఐడిలో అసలు లాభం దొంగను పట్టడం కాదు, అల్యూమినియం రేకు చుడితే అది కూడా మూగదవుతుంది. చేతిలో పట్టుకునే రీడర్‌తో అరల వెంట నడుస్తూ తప్పు చోట ఉన్న పుస్తకాలు దొరకబుచ్చుకోవచ్చు, అదీ లాభం.

చెడిపోయేవాటి గురించి టూకీగా. చిరిగిన పేజీకి సెల్లోటేపు వేయనివ్వకండి, మన స్టాఫే ఎక్కువగా చేసే పాపం ఇది. కొన్నేళ్లకు ప్లాస్టిక్ ఊడిపోతుంది, జిగురు మాత్రం కాగితంలోకి ఇంకి పసుపుపచ్చ మరకై ఉండిపోతుంది. సన్నటి జపనీస్ టిష్యూ, గోధుమ స్టార్చ్‌తో కాచిన గంజి చాలు, అది కావాలంటే మళ్లీ తడిపి తీయొచ్చు. తడిసిన పుస్తకం ఉంటే రెండు రోజుల్లోపే బూజు మొదలవ్వచ్చు, అందుకే ఆరబెట్టడం వెంటనే కుదరకపోతే ఫ్రీజర్లో పెట్టి ఆపుకోవాలి. నున్నటి ఆర్ట్ పేపరు తడిసి ఆరితే పేజీలన్నీ ఇటుకలా అతుక్కుపోతాయి, వాటిని ముందు చూసుకోండి. ఇంకొకటి, పుస్తకాన్ని వెన్ను పైభాగం పట్టి లాగకుండా పక్క రెండిటినీ లోపలికి నెట్టి నడుం దగ్గర పట్టుకుని తీయమని కొత్తగా చేరినవాళ్లకు మొదటి రోజే చూపించండి.

మీ మీద మాట వస్తుందేమోనని టెన్షన్ పడుతున్నట్టున్నారు. కొంత నష్టం ఉంటుందని నిబంధనలు రాసేవాళ్లకూ తెలుసు. ఉదాహరణకు భారత ప్రభుత్వ సాధారణ ఆర్థిక నిబంధనలు (2017) ఏడాదిలో ఇష్యూ చేసిన లేదా చదువుకోడానికి ఇచ్చిన ప్రతి 1,000 పుస్తకాలకు 5 పోవడం సహజమే అంటాయి, అందులో మోసం, నిర్లక్ష్యం లేకపోతే. అరుదైన పుస్తకమైతే విలువతో పనిలేకుండా విచారణ చేయాల్సిందే అని కూడా అంటాయి. మీ సంస్థకు వర్తించే నిబంధన ఏదో తీసి, మీ 600ను ఎన్నేళ్ల వాడకం మీద భాగించాలో చూసుకోండి. పదేళ్లుగా వెరిఫికేషన్ జరగలేదంటే అది పదేళ్ల నష్టం, మీరొచ్చిన ఏడాదిది కాదు. రిపోర్టులో మొదటి వాక్యం అదే అయ్యుండాలి.

ఇక సోమవారం చేయాల్సింది: ఆ 600 జాబితాను ఎక్సెల్‌లో వేసి సబ్జెక్టు వారీగా, కొన్న సంవత్సరం వారీగా, మొత్తం ఎన్ని కాపీలున్నాయో పక్కన పెట్టి సార్ట్ చేయండి. నేను చూసినంతలో సగానికి పైగా ఓ పది పన్నెండు సిలబస్ పేపర్ల చుట్టూనే చేరతాయి. వాటికి కాపీలు పెంచి కొన్నిటిని కౌంటర్ దగ్గర గంటల లెక్కన ఇవ్వండి. కోర్సు పూర్తిచేసి నో డ్యూస్ కోసం వచ్చే సీజన్‌కు ముందు రెండు వారాలు, గేటు బయట ఒక పెట్టె పెట్టి, ఎవరు వేశారో చూడం, ఫైన్ అడగం అని బోర్డు కట్టండి. మేం మొదటిసారి పెట్టినప్పుడు రెండో రోజుకే పెట్టె నిండి, పుస్తకాలు పక్కన నేలమీద పేర్చి వెళ్లారు, అందులో మేం రైట్ ఆఫ్ చేసేసిన, అంటే పోయాయని లెక్కల్లోంచి కొట్టేసిన పుస్తకాలు కూడా ఉన్నాయి, వాటిని మళ్లీ రిజిస్టర్లో ఎలా ఎక్కించాలో తెలియక ఆడిట్‌వాళ్లతో నెల రోజులు ఉత్తరాలు నడిచాయి. అది ముందే కనుక్కుని పెట్టుకోండి.